లగ్గం పత్రికలో మా ఊరి పేరు

తెలంగాణ వచ్చిన కొత్తలో నాకు ఇరవై మూడేళ్లు. ఆ రోజుల్లో ఎవరైనా ‘మీదే ఊరు?’ అని అడిగితే నాకు దగ్గు వచ్చేది. రోగమేమీ లేదు. గుప్పిట నోటికి అడ్డం పెట్టుకుని, ఆ దగ్గులోనే ఊరి పేరు ముందు సగం మింగేసి, ‘...గూడెం, రామన్నపేట కాడ’ అని ముగించేవాణ్ని. అడిగినవాళ్లలో మంచివాళ్లు అక్కడితో ఊరుకునేవారు. మిగతావాళ్లు ‘ఏం గూడెం?’ అని మళ్లీ అడిగేవారు. లోకంలో మంచివాళ్లు ఎంత తక్కువో నాకు అప్పుడే తెలిసింది. మా ఊరు పిత్తలగూడెం. ఇప్పుడు కాగితం మీద కాబట్టి రాయగలుగుతున్నాను. (మీరు నవ్వుకోండి, నేను ఆగుతాను.)

ఊరికి ఆ పేరెందుకు వచ్చిందో ఊళ్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలియనివాళ్లందరి దగ్గరా తలా ఒక కథ ఉండేది. వెనుకటి దొర ఒకాయన గుర్రం మీద పోతూ మా ఊళ్లో ఆగి, కడుపునిండా ఉడికిన అనుములు తిని, మళ్లీ గుర్రం ఎక్కబోయిన క్షణాన పుట్టిందట ఆ పేరు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు బాగా నచ్చిన కథ ఇదే. గుర్రం బెదిరి ఎంత దూరం పరుగెత్తిందో కూడా వాళ్లు చెప్పేవారు. మా బడిపంతులు మాత్రం ఇది అసలు పిట్టలగూడెమనీ, ఏ కాలంలోనో కాగితం రాసినవాడి చేతితప్పు వల్ల ఇట్లా అయిందనీ అనేవాడు. ఆయన మాట నమ్మాలని నాకు ఎంతో ఉండేది గాని, మా ఊళ్లో కాకులు తప్ప పిట్టలు లేవు. రామన్నపేటలో కాలేజీకి పోయినన్నాళ్లూ నా పేరు ఎవరూ పిలవలేదు, ‘పిత్త’ అనే పిలిచేవారు. బస్సులో కండక్టరు ‘పిత్తలగూడెమోళ్లు దిగుండ్రి’ అని కేకవేసేసరికి బస్సంతా మావైపు చూసేది. అందుకని నేను ముందు స్టేజీలోనే దిగి, రెండు కిలోమీటర్లు ఎండలో నడిచి ఇంటికి పోయేవాణ్ని.

ఇదంతా నా ఒక్కడి బాధయితే దగ్గుతూనే గడిపేసేవాణ్నేమో. మా అక్క సంబంధాల దగ్గర అది ముదిరింది. అక్క నాకన్నా రెండేళ్లు పెద్దది. డిగ్రీ చదివి, ఊళ్లో అంగన్‌వాడీ చూసుకునేది. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక సంబంధంలో అన్నీ కుదిరాయి. చివర్లో పిల్లగాడి తల్లి, కోడలు ఏ ఊరి పిల్ల అని పదిమంది అడిగితే నోరు తెరిచి ఎట్లా చెప్పాలని నవ్వింది. ఆ నవ్వు ఆగలేదు, సంబంధం ఆగిపోయింది. తర్వాతి సంబంధంవాళ్లు కారణం చెప్పలేదు గాని, వాళ్ల చిన్నపిల్లలు కారు కిటికీలోంచి మా ఊరి బోర్డు చూసి నవ్వుకుంటూ పోవడం నేను చూశాను. ఆ సాయంత్రం మా నాయిన, అంటే బాపు, అన్నం ముందు చాలాసేపు కూర్చుని, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. అక్క ఒక్కతే మామూలుగా తిన్నది. నేను గంభీరంగా ఓదార్చబోతే, చేతిలో ముద్ద ఆపకుండానే జవాబిచ్చింది.

“ఊరి పేరుకే సిగ్గుపడేటోడు, రేపు నా ముక్కు జూసి గూడ సిగ్గుపడ్తడు. పోనియ్యిరా.”

నేను పోనియ్యలేదు. అప్పటికి నేను రామన్నపేటలో ఒక ప్రింటింగ్ షాపులో కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ని. పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు, దుకాణాల బోర్డులు నా చేతిమీదుగానే అచ్చుకు పోయేవి. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు నేను కొట్టిందే ఖాయం. ఇంత పెద్ద అధికారం చేతిలో పెట్టుకుని ఒక్క పేరు మార్చలేనా అని నాకు అనిపించడం మొదలైంది.

కల్వకుర్తి నుంచి మూడో సంబంధం వచ్చినప్పుడు నేనే ముందుకు దూకాను. పిల్లగాడు బడిలో సారు, మెత్తటి మనిషి. ఇల్లు ఇరుకనీ, దారి బాగా లేదనీ సాకులు చెప్పి, నల్లగొండలో మా మేనత్త ఇంట్లోనే పిల్లను చూపించాం. మేనత్తను ఊరి పేరు ఎత్తొద్దని నేను బతిమాలుకున్నాను. మావాళ్లు లోపల ఉన్న సమయంలో వాళ్లు అడిగితే నేను దగ్గకుండా, తల ఎత్తి, ‘స్వర్ణగూడెం’ అన్నాను. ఆ పేరు నాకు అప్పటికప్పుడే నోటికొచ్చింది. వినడానికి ఎంత బాగుందంటే, నిజంగానే నేను అక్కడివాణ్నేమో అని నాకే అనిపించింది. సంబంధం కుదిరింది. నిశ్చితార్థం వాళ్ల ఊళ్లోనే జరిగింది. పెళ్లి మాత్రం ఆడపిల్లవాళ్లం కాబట్టి మా ఇంటి ముందే చేయాలి. అంటే అప్పటిదాకా మగపెళ్లివాళ్లలో ఒక్కరంటే ఒక్కరు మా ఊరు చూడలేదు. ఇది నా తెలివికి నిదర్శనమని నేను మురిసిపోయాను.

పత్రిక నేనే కొట్టాను. వినాయకుడి కింద ఎర్రటి అక్షరాల్లో, ‘వివాహ వేదిక: స్వగృహము, స్వర్ణగూడెం, రామన్నపేట మండలం’. మా షాపు సారు చూసి, ఇదెక్కడి ఊరని అడిగితే కొత్తగా వచ్చిందన్నాను. (కొత్త రాష్ట్రం వచ్చింది కదా, ఏదైనా రావచ్చని ఆయన నమ్మాడు.) బాపు పత్రికను దూరంగా పట్టుకుని చదివి, పేరు చక్కగానే ఉంది గాని మనం ఉండేది ఇక్కడ కాదు కదా అన్నాడు. పత్రికల్లో అట్లాగే రాస్తారని చెప్పాను. దూరపు చుట్టాలు కొందరు స్వర్ణగూడెం ఏదో హాలు పేరనుకుని ఫోన్ చేసి, పెళ్లి ఫంక్షన్‌హాల్లో చేస్తున్నారా, ఆ హాలు ఎక్కడుందని అడిగారు. అక్క మాత్రం పత్రిక చూసి నావైపు ఒక చూపు చూసింది, అంతే. అప్పటికే పత్రికలన్నీ పంచేశాం. తర్వాత రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు.

లగ్గం రోజు పొద్దున పదకొండు దాటాక ముహూర్తం. మగపెళ్లివాళ్లు తెల్లవారుతుండగానే బస్సు ఎక్కామని చెప్పారు. తొమ్మిదయింది, బస్సు రాలేదు. తొమ్మిదిన్నర అయింది. బాపు రోడ్డు మీదికి పోయి నిలబడ్డాడు. పందిట్లో కూర్చున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. పిల్లగాడి నాయినకు ఫోన్ చేద్దామంటే మా ఇంటి దగ్గర సిగ్నల్ ఉండదు. పక్కింటి డాబా మెట్లెక్కి చేశాను. ఆయన గొంతు అలసటగా ఉంది.

“వచ్చి అరగంటాయె బిడ్డా. స్వర్ణగూడెం బోర్డు కాడనే ఉన్నం. గీడ పందిరి లేదు, బాజా లేదు. అందరు మిరపచేన్లల్ల ఉన్నరు.”

డ్రైవరు ఎవరో కుర్రవాడు, మండలం పేరు వదిలేసి ఫోన్‌లో ‘స్వర్ణగూడెం’ అని మాత్రం కొట్టాడట. దేవుడు ఎంత పనిచేశాడంటే, ఆ పేరుతో ఒక ఊరు నిజంగానే ఉంది, మిర్యాలగూడ దాటి ఎక్కడో. ఫోన్ చూపించిన దారిలో బస్సు చక్కగా పోయి, మాకు ఎన్నో కోసుల దూరంలో ఆగింది. ఊరు ఊరంతా చేలోంచి లేచి వచ్చి పెళ్లికొడుకును చూస్తున్నారట. వాళ్లు మంచివాళ్లు, నీళ్లిచ్చారని కూడా ఆయన చెప్పాడు.

ఇక అసలు పేరు చెప్పక తప్పదు. నేను దగ్గాను. ఆయనకు వినపడలేదు. మళ్లీ చెప్పాను, సిగ్నల్ తెగి తెగి వస్తోంది. ఇంకొంచెం గట్టిగా అన్నాను, ‘ఏం గూడెం?’ అన్నాడు. చివరికి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ‘పిత్తలగూడెం’ అని అరిచాను. సరిగ్గా ఆ క్షణానే కింద బ్యాండువాళ్లు ఒక పాట ముగించి ఊపిరి తీసుకుంటున్నారు. పందిరంతా తలలెత్తి డాబా మీదికి చూసింది.

“చూడు బిడ్డా,” అన్నాడు పిల్లగాడి నాయిన ఫోన్‌లో చాలా నెమ్మదిగా, “మేం ముందుగాల్నె పరేషాన్ల ఉన్నం. గీ టైముల పరాచికాలు మంచిగుండవు.”

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. ఇంకోసారి చేశాను, ఎత్తలేదు. నా బతుకులో అంత ఒంటరిగా ఎప్పుడూ నిలబడలేదు. కింద మా అమ్మ రెండు చేతులూ నడుముకు పెట్టుకుని, పిత్తలగూడెం అని ఊళ్లోవాళ్లకు ఎందుకు చెప్తున్నావని అడుగుతోంది. బాపు రోడ్డు మీంచి వచ్చి సంగతి విన్నాడు. వంటలు చేస్తున్న చోటికి పోయి, కట్టెలమోపు మీద అటు తిరిగి కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. ఆ వీపు చూస్తూ ఆ డాబా మీదే ఉండిపోవాలనీ, ఇక కిందికి దిగకుండా ఎట్లా బతకాలో ఆలోచించాలనీ అనిపించింది.

అప్పుడు మెట్ల మీద గాజుల చప్పుడయింది. అక్క, పసుపుబట్టలతో, నుదుట బాసికం కట్టుకుని, పారాణి కాళ్లతో డాబా ఎక్కి వచ్చింది. వెనక ఆడవాళ్లు వద్దని అరుస్తున్నారు. నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, తనకు కంఠతా ఉన్న నంబరుకు, అంటే నేరుగా పెళ్లికొడుక్కే చేసి, వాళ్ల నాయినకు ఇమ్మంది.

“మామా, మా ఊరు పిత్తలగూడెమే. పరాచికం గాదు. సిగ్గయి మావోడు వేరే పేరు రాసిండు. రామన్నపేట కాడికొచ్చి ఎవలనడిగినా చెప్తరు. నవ్వుకుంట చెప్తరు గని, సక్కగ చెప్తరు. మీరొచ్చేదాంక గీడనే ఉంటం.”

అంతే చెప్పింది. ఫోన్ నా చేతిలో పెట్టి, చీర కుచ్చిళ్లు పట్టుకుని దిగిపోయింది. నా ముఖం వైపు చూడలేదు.

ముహూర్తం దాటిపోయింది. అయ్యగారు పంచాంగం తిరగేసి, మధ్యాహ్నం మూడు తర్వాత ఇంకొకటి ఉందని, అది అంత గొప్పది కాదు గాని పనికొస్తుందని అన్నాడు. వండిన అన్నం చల్లారింది. పిల్లలు ఏడ్చారు, పెద్దలు తినేసి మూతులు తుడుచుకుంటూ నన్ను పరామర్శించారు. ఒక్కొక్కరూ వచ్చి, అట్లా ఎందుకు రాశావు బిడ్డా అని అడగడం, నేను తలదించుకోవడం. ఒక ముసలాయన మాత్రం, నువ్వు పేరు మారిస్తే ఇంకేమైనా మంచి పేరు పెట్టాల్సింది, ఎవరికీ లేనిది, అని సలహా ఇచ్చాడు. బస్సు వస్తుందా, సగం దారిలోంచి తిరిగి కల్వకుర్తి పోతుందా అన్నది ఎవరికీ తెలియదు. అక్క పీట మీద కూర్చుని ఉంది. బాసికం కింద ఆ కళ్లు ఎర్రగా ఉన్నాయని నేను దూరం నుంచే చూశాను. ఊరి పేరుకు ఏడవని మనిషి, నా పనికి ఏడ్చింది.

రెండు గంటలకు బస్సు వచ్చింది. దారిపొడుగునా ప్రతి చౌరస్తాలో డ్రైవరు తల బయటపెట్టి ‘పిత్తలగూడెం ఎటు?’ అని అడగాల్సి వచ్చిందట. చివరికి అడిగే ధైర్యం అతనికి చాలక బస్సులో పిల్లలు వంతులవారీగా అడిగారట. పిల్లగాడి నాయిన దిగి, బాపు జోడించిన చేతులను చూసి కూడా ముఖం తిప్పుకున్నాడు. కుర్చీలు చూపిస్తే కూర్చోలేదు. ఆడపిల్లవాళ్లు ఊరి పేరే దాచారంటే ఇంకేమేం దాచారోనని వాళ్లలో ఎవరో అన్నారు. పేరు దాచిన మాట మాత్రం నిజమే.

అందరికన్నా చివర బస్సులోంచి పెళ్లికొడుకు నాయినమ్మ దిగింది. పండిపోయిన అవ్వ, నడుము వంగి, చేతికర్రతో. దిగి చుట్టూ చూసి, ఇది ఏ ఊరని అడిగింది. ఆమె దారంతా వెనక సీట్లో నిద్రపోయిందట, మధ్యలో లేచి అడిగినా ఎవరూ ఊరి పేరు చెప్పలేదట, ముసలామె నోట ఆ మాట రావడం మంచిది కాదని. నేనే చెప్పాను. దగ్గలేదు. ఆ పూట నాకు ఇక పోయేదేమీ మిగల్లేదు.

“పిత్తలగూడెమా,” అంది అవ్వ. ఎక్కడా నవ్వలేదు. “మా తల్లిగారు నాకు పెట్టిన బిందె గీడిదే. మెడ చుట్టు సుక్కలు గొట్టి రాసిన్రు ఊరి పేరు. ఉర్దూల పిత్తల్ అంటె ఇత్తడే గదరా. గప్పట్ల కల్వకుర్తి సంతల పిత్తలగూడెం బిందె అంటె ఇంకోటి సూడకుంట కొనేటోళ్లు. పొద్దుగాలనే పేరు జెప్తె నేనే తోలుకొచ్చేదాన్ని గద.”

నేను ఆమె ముఖం చూస్తూ ఉండిపోయాను. నాతోపాటు ఊరంతా ఉండిపోయింది. అవ్వ, ఇత్తడి బిందెలు కొట్టే కంచరివాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఒక ఇల్లు మిగిలి ఉంది. ఆ ఇంటి కొడుకు మోపెడ్ మీద ఊరూరా ప్లాస్టిక్ బిందెలు అమ్ముతాడు. తండ్రి, మేం కంచరి తాత అనేవాళ్లం, పందిట్లోనే ఒక మూల అన్నం తిని కూర్చుని ఉన్నాడు. ఆయన్ని తీసుకొచ్చి అవ్వ పక్కన కూర్చోబెట్టారు. ఇద్దరూ బిందెల గురించి మాట్లాడుకున్నారు. చుట్టూ మేమంతా నిలబడి, మా ఊరి గురించి మొదటిసారి వింటున్నాం. ఊరినిండా కొలుములు ఉండేవట, సుత్తి చప్పుడుకు పొద్దున పిల్లలు నిద్ర లేచేవారట. స్టీలు వచ్చాక ఒక్కో కొలిమీ చల్లారింది. నేను కంచరి తాత ముందు కూర్చుని, ఇన్నేళ్లూ ఈ సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన నావైపు చూసి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

“ఎవలడిగిన్రు?” అన్నాడు.

మూడు దాటాక పెళ్లి జరిగింది. అవ్వ మాట కాదనలేక పిల్లగాడి నాయిన పీట దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. కోపం మాత్రం ఆయనకు చాలా ఏళ్లు పోలేదు. పండగలకు అక్క దగ్గరికి పోతే ఈసారి ఏ ఊరు నుంచి వస్తున్నావని నన్ను అడిగేవాడు. అక్క అప్పగింతల వేళ అందరి మెడలూ పట్టుకుని ఏడ్చి, నా దగ్గరికి వచ్చి నా చెంప మీద ఒకటి వేసింది. ఆ తర్వాత ఏడ్చింది.

ఇక్కడితో ముగిస్తే బాగుండేది. కొన్నేళ్లకు మా ఊరు వేరే గ్రామపంచాయతీ అయింది. కొత్త పంచాయతీకి ఆ పాత పేరు ఎందుకని కుర్రవాళ్లు లేచారు. వాళ్లకు ఏ పేరు కావాలో ఆలోచించాల్సిన కష్టం కూడా లేకపోయింది. మా అక్క పత్రిక ఇంకా చాలా ఇళ్ల గోడలకు వేలాడుతూనే ఉంది. సభలో నేను లేచి నిలబడ్డాను. ఇత్తడి గురించి, బిందెల గురించి, కల్వకుర్తి సంత గురించి చెప్పాలని రాత్రంతా కాగితం మీద రాసుకుని పోయాను. ‘పిత్తల’ అన్నాను, అంతే. సభ నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు తగ్గాక మళ్లీ అన్నాను, మళ్లీ మొదలైంది. నా మాటకు సాక్ష్యం చెప్పగలిగిన కంచరి తాత అప్పటికి లేడు, కల్వకుర్తి అవ్వా లేదు. పేరు పెట్టిందే నువ్వు, ఇప్పుడు నువ్వే వద్దంటావేందన్నాడు ఒక కుర్రవాడు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. కూర్చున్నాను. కొత్త బోర్డు నేను పనిచేసే షాపులోనే తయారైంది. అక్షరాలు నేనే కొట్టాను. బోర్డు పాతిన రోజు బాపు పోయి చూసివచ్చి, ఈ ఊళ్లో మనకు తెలిసినవాళ్లు ఎవరూ లేరురా అన్నాడు. నవ్వుతూ అన్నాడో లేదో నాకు తెలియలేదు.

మొన్న సెలవులకు అక్క కూతురు వచ్చింది. నాలుగో తరగతి. ‘మా అమ్మమ్మ ఊరు’ అని బడిలో వ్యాసం రాయించారట, నోట్‌బుక్ తెచ్చి నాకు చదివి వినిపించింది. ‘మా అమ్మమ్మ ఊరు స్వర్ణగూడెం. పూర్వం ఇక్కడ బంగారం దొరికేది. అందువలన ఈ పేరు వచ్చింది.’ పక్కన టీచరు ఎర్ర పెన్నుతో ఒక స్టారు వేసింది. నేను పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అసలు పేరు చెప్పాను. అది మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వింది. మళ్లీ చెప్పమంది. నాలుగుసార్లు చెప్పించుకుంది. నాలుగోసారి నాకూ నవ్వు ఆగలేదు. ఇంత నవ్వు ఉన్న పేరుకు అన్నేళ్లు ఎందుకు దగ్గానో అనిపించింది. నవ్వు అయ్యాక ఇత్తడి సంగతి, కొలుముల సంగతి అంతా చెప్పాను. అది బుద్ధిగా విన్నది. మరి వ్యాసంలో బంగారం కొట్టేసి ఇత్తడి అని రాయి, అన్నాను.

అది నోట్‌బుక్ వైపు చూసింది, నావైపు చూసింది.

“స్టారు పోతది మామా,” అంది.

పుస్తకం మూసి సంచిలో పెట్టుకుని ఆడుకోవడానికి పోయింది. నేను బలవంతపెట్టలేదు. ఆ పిల్లకు తొమ్మిదేళ్లకు వచ్చిన ఆలోచనే నాకు ఇరవై మూడేళ్లకు వచ్చింది. కాకపోతే నాకు ఎవరూ స్టారు వేయలేదు.